బేస్ ఆంప్‌కు ఏ కాలి కంట్రోలర్: స్విచ్చా, పెడలా, మిడి బోర్డా?

బేస్ గిటార్ ఆంప్‌ను కాలితో నడిపే కంట్రోలర్ కొనేటప్పుడు, దానిలో ఎన్ని బటన్లున్నాయో చూసే ముందు ఆంప్‌ను ఒకసారి వెనక్కి తిప్పి ఏ జాక్‌లున్నాయో చూడండి. ఎంపిక సగం అక్కడే తేలిపోతుంది. ఫుట్‌స్విచ్ అని రాసిన పావు అంగుళం జాక్ ఒక్కటే ఉన్న ఆంప్‌కు పది బటన్ల మిడి బోర్డు (మిడి అంటే సంగీత పరికరాలు ఒకదానికొకటి డిజిటల్ ఆదేశాలు పంపుకునే పద్ధతి) తెచ్చినా దాన్ని తగిలించే చోటే ఉండదు. మిగతా సగం మీరు వాయించే తీరు మీద ఆధారపడుతుంది: పాట నడుస్తుండగా, రెండు చేతులూ తీగల మీదే ఉండగా, నిజంగా ఎన్ని మార్పులు చేయాల్సి వస్తుంది? చాలామందికి ఈ లెక్క మూడు దాటదు. కాగితం మీద రాసుకుంటే తెలుస్తుంది.

గిటార్ వాళ్ల కోసం రాసిన సలహాలు బేస్‌కు అన్నివేళలా సరిపోవు. నాలుగు తీగల బేస్‌లో కింది ఇ తీగ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది, ఐదు తీగల బేస్‌లో బి తీగ 31 హెర్ట్జ్ దగ్గర. స్విచ్ తొక్కిన క్షణంలో శబ్దం చిన్న ముక్క తెగినా, ఎఫెక్ట్ రాగానే అడుగు స్వరాలు పలచబడినా, వాల్యూమ్ ఒక్కసారి ఎగిరినా బృందం మొత్తానికి ఆధారం కదిలినట్టు వినిపిస్తుంది. అందుకే కింద చెప్పే ప్రతి రకాన్నీ ఈ మూడు ప్రశ్నలతోనే తూచాం: శబ్దం తెగుతుందా, లోతు పోతుందా, లెవెల్ ఎగురుతుందా.

సాదా ఫుట్‌స్విచ్

ఒకటి రెండు బటన్లు, లోపల బ్యాటరీ గానీ చిప్ గానీ లేని పెట్టె. ఓవర్‌డ్రైవ్ (శబ్దాన్ని గరుకుగా మార్చే ఎఫెక్ట్, క్లుప్తంగా డ్రైవ్) ఆన్ ఆఫ్, మ్యూట్, ఎఫెక్ట్స్ లూప్ (ఆంప్ లోపలి సిగ్నల్‌ను సెండ్ జాక్‌తో బయటి ఎఫెక్టులకు పంపి, రిటర్న్ జాక్‌తో వెనక్కి తెచ్చే దారి) ఆన్ ఆఫ్ లాంటి పనులకు ఇంతకన్నా నమ్మకమైనది లేదు. మార్పు ఆంప్ లోపల రిలే లేదా ఎలక్ట్రానిక్ స్విచ్ చేస్తుంది కాబట్టి బేస్ సిగ్నల్ ఈ కేబుల్‌లోంచి అసలు పోదు. కేబుల్ ఎంత పొడుగున్నా టోన్ మారదు.

ఇక్కడ జరిగే తప్పులన్నీ రెండు చోట్లే ఉంటాయి. మొదటిది స్విచ్ రకం. ఒకసారి తొక్కితే కలిసి అలాగే నిలిచేది లాచింగ్. తొక్కినంతసేపు కలిసి, కాలు తీయగానే విడిపోయేది మొమెంటరీ. లాచింగ్ అడిగే ఆంప్‌కు మొమెంటరీ పెడితే కాలు తీయగానే ఓవర్‌డ్రైవ్ ఆగిపోతుంది. మొమెంటరీ అడిగే ఆంప్‌కు లాచింగ్ పెడితే ఒక మార్పుకు రెండుసార్లు తొక్కాల్సి వస్తుంది. డిలే (ప్రతిధ్వని ఎఫెక్ట్) వేగాన్ని కాలి తాళంతో పెట్టే ట్యాప్ టెంపోలో ఇది ఇంకా వింతగా కనిపిస్తుంది: లాచింగ్ స్విచ్‌తో రెండు తొక్కులకు ఒకటే లెక్కలోకి వస్తుంది కాబట్టి డిలే సగం వేగానికి పడిపోతుంది. పరికరం చెడిందని చాలామంది అనుకునేది ఇక్కడే. మల్టీమీటర్ ఉంటే కంటిన్యుటీలో పెట్టి ఒక మొనను ప్లగ్ కొనకు, మరొక మొనను ప్లగ్ మొదట్లోని గొట్టానికి ఆనించి తొక్కండి. బీప్ ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతుందో చూస్తే రకం తెలిసిపోతుంది. కొన్ని మొమెంటరీ స్విచ్‌లు తొక్కనప్పుడు కలిసి ఉండి తొక్కితే విడిపోతాయి. ఆంప్ కాలు పెట్టినప్పుడు కాక తీసినప్పుడు స్పందిస్తుంటే కారణం అదే. బాస్ కంపెనీ ఎఫ్‌ఎస్-5యూ లాంటి వాటికి దీన్ని తిరగేసే చిన్న మీట పక్కనే ఉంటుంది. రెండు బటన్ల ఎఫ్‌ఎస్-6లో ఒక్కో బటన్‌ను లాచింగ్‌గానో మొమెంటరీగానో విడిగా పెట్టుకోవచ్చు. ఏ ఆంప్‌కు వాడతారో ఇంకా తేలకపోతే ఇలాంటిదే తీసుకోండి.

రెండో తప్పు కేబుల్. రెండు బటన్ల స్విచ్‌కు ప్లగ్ మీద టిప్ (కొన), రింగ్ (మధ్య వలయం), స్లీవ్ (మొదట్లోని గొట్టం) మూడూ ఉన్న స్టీరియో కేబుల్ కావాలి. మామూలు గిటార్ కేబుల్ పెడితే రింగ్ నేరుగా స్లీవ్‌కు తగిలి గ్రౌండ్ అయిపోతుంది. ఒక బటన్ బాగానే పనిచేస్తుంది, రెండోది ఎప్పుడూ తొక్కే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. బటన్ పాడైందని పెట్టె విప్పే ముందు కేబుల్ ప్లగ్ మీద నల్ల గీతలు ఎన్నున్నాయో లెక్కపెట్టండి. రెండు ఉంటే స్టీరియో, ఒకటే ఉంటే మోనో.

ఎక్స్‌ప్రెషన్ పెడల్

బేస్ వాయించేవారు తక్కువగా వాడేదీ, వాడితే ఎక్కువ లాభం ఇచ్చేదీ ఇదే అని మా అభిప్రాయం. స్విచ్ ఆన్ లేదా ఆఫ్ అని మాత్రమే చెప్పగలదు. పెడల్ ఎంత కావాలో చెబుతుంది. ఫిల్టర్ మెల్లగా తెరుచుకోవడం, పాట ఊపందుకునేకొద్దీ క్లీన్ ధ్వనిలో డ్రైవ్ వాటా పెరగడం, చివరి స్వరం మీద డిలే నిండడం ఒక్క స్విచ్‌తో కుదరవు.

లోపల ఉండేది ఒక పొటెన్షియోమీటర్, ఎక్కువగా 10 కిలో ఓమ్‌ల లీనియర్ రకం. ఆంప్ ఒక చిన్న వోల్టేజి పంపుతుంది, పెడల్ అందులో కొంత భాగాన్ని తిరిగి ఇస్తుంది. ఆ తిరిగొచ్చే వోల్టేజి ఏ తీగ మీద వస్తుందన్న దగ్గరే చిక్కు. రోలాండ్, బాస్ పద్ధతిలో అది టిప్ మీద వస్తుంది. యమహా, కోర్గ్ పద్ధతిలో రింగ్ మీద వస్తుంది. తప్పు జత పడితే పెడల్ ఏమీ పాడవదు గానీ తీరు సరిగ్గా ఉండదు: ప్రయాణమంతా ఏమీ మారక చివర్లో ఒక్కసారిగా దూకుతుంది, లేదా పూర్తి స్థాయికి చేరనే చేరదు. ఎం-ఆడియో ఈఎక్స్-పీ, మూగ్ ఈపీ-3 లాంటివాటికి ఈ రెండు పద్ధతుల మధ్య మార్చే మీట ఉంటుంది. రెండు మూడు కంపెనీల పరికరాలున్నవారు అలాంటిదే కొనాలి.

తగిలించిన వెంటనే క్యాలిబ్రేట్ చేయండి. ఆంప్ మెనూలో ఆ ఆప్షన్ తెరిచి, మడమ వైపు పూర్తిగా, మునివేళ్ల వైపు పూర్తిగా నొక్కి సేవ్ చేయాలి. ఇది చేయకపోతే పెడల్ కొసల్లో నాలుగైదు శాతం మిగిలిపోతుంది. మడమ దించినా డ్రైవ్ సన్నగా వినిపిస్తూనే ఉండటానికి కారణం ఇదే. చెప్పులతో ఒకరకంగా, బూట్లతో మరోరకంగా నొక్కుతాం, కాబట్టి వేదిక మీద వేసుకునే వాటితోనే క్యాలిబ్రేట్ చేయడం మేలు.

ఇంకా ముఖ్యమైనది ప్రయాణ పరిధి. ఫ్యాక్టరీ నుంచి 0 నుంచి 100 దాకా వస్తుంది, బేస్‌కు అది దాదాపు ఎప్పుడూ ఎక్కువే. లో-పాస్ ఫిల్టర్‌కు (ఒక హద్దు పైనున్న పౌనఃపున్యాలను కోసేది) పెడల్ ఇస్తే మడమ దగ్గర 200 హెర్ట్జ్, మునివేళ్ల దగ్గర 2 కిలోహెర్ట్జ్‌తో మొదలుపెట్టి చెవికి నచ్చేదాకా సవరించుకోండి. 200 కంటే కిందికి పోతే పై స్వరాల మీద వాయించేటప్పుడు శబ్దమే మాయమైపోతుంది. వాల్యూమ్‌కు ఇస్తే మడమను సున్నా దగ్గర కాక 65, 70 శాతం దగ్గర పెట్టండి. అప్పుడది పాట మధ్యలో వెనక్కి తగ్గడానికి పనికొస్తుంది, పొరపాటున మడమ తగిలినా బృందం బేస్ లేకుండా మిగలదు. డ్రైవ్ వాటాకు మునివేళ్ల దగ్గర 60 శాతం చాలు. మిగతా 40 శాతం క్లీన్ సిగ్నలే అడుగు స్వరాలను నిలబెడుతుంది. డిస్టార్షన్ పెట్టగానే బేస్ సన్నబడిందంటే ఆ క్లీన్ భాగం తెగిపోయిందని అర్థం.

ఆంప్ ఒప్పుకుంటే ఒకే పెడల్‌కు రెండు విషయాలు ఇవ్వండి. డ్రైవ్ గెయిన్ పెరిగితే శబ్దమూ పెరుగుతుంది, కాబట్టి గెయిన్ 20 నుంచి 70కి వెళ్లేటప్పుడు ఎఫెక్ట్ లెవెల్ 60 నుంచి 45కి దిగేలా ఎదురు దిశలో కట్టాలి. ఈ అంకెలు మొదలుపెట్టడానికే. మీ ఆంప్‌లో ఎంత దించితే సమంగా వినిపిస్తుందో అక్కడ ఆగండి. ఇలా కట్టిన పెడల్ ఒక్కటి మూడు ప్రీసెట్ల (ముందే సేవ్ చేసిన అమరికల) పని చేస్తుంది, పైగా మధ్యలో ఎక్కడా శబ్దం తెగదు.

వాల్యూమ్ పెడల్‌నూ ఎక్స్‌ప్రెషన్ పెడల్‌నూ ఒకటిగా చూడకండి. వాల్యూమ్ పెడల్‌లోంచి బేస్ సిగ్నలే పోతుంది. ప్యాసివ్ బేస్‌కు (లోపల బ్యాటరీ సర్క్యూట్ లేనిది) 250 కిలో ఓమ్‌లది, యాక్టివ్ బేస్‌కు (అది ఉన్నది) లేదా ఎఫెక్ట్స్ లూప్‌లో పెట్టడానికి 25 కిలో ఓమ్‌లది కావాలి. ప్యాసివ్ బేస్‌ను నేరుగా 25 కిలో ఓమ్‌ల పెడల్‌కు కలిపితే తీగల మెరుపు పోయి దుప్పటి కప్పినట్టు మోగుతుంది. బాస్ ఎఫ్‌వీ-500 రెండు రకాలుగా రావడానికి కారణం కూడా ఇదే: హెచ్ గుర్తున్నది మొదటిదానికి, ఎల్ గుర్తున్నది రెండోదానికి. వాటిలో ఎక్స్‌ప్రెషన్ అవుట్ కూడా ఉంటుంది. చోటు తక్కువున్న బోర్డు మీద ఒకే పెడల్ రెండు పనులూ చేయాలంటే అది పనికొస్తుంది.

ఆంప్ కంపెనీ సొంత కంట్రోలర్

లైన్ 6 లోడౌన్ బేస్ ఆంప్‌లకు ఎఫ్‌బీవీ పెడల్‌బోర్డులు, టీసీ ఎలక్ట్రానిక్ ఆర్‌హెచ్450కి ఆర్‌సీ4 లాంటివి ఈ కోవలోవి. వీటి లాభం సౌకర్యం. ఒకే తీగలో కరెంటూ ఆదేశాలూ వెళ్తాయి, విడిగా అడాప్టర్ అక్కర్లేదు. ఆంప్‌లో సేవ్ చేసిన ధ్వనులు బటన్లకు వాటంతట అవే కుదురుకుంటాయి. మిడి ఛానెళ్లూ నంబర్లూ అంటే విసుగొచ్చేవారికి, ఆ ఆంప్‌నే పదేళ్లు వాడాలనుకునేవారికి ఇది హాయి.

నష్టం కూడా స్పష్టం. ఆంప్ మారిస్తే కంట్రోలర్ మూలన పడుతుంది. ఆ శ్రేణి తయారీ ఆగిపోతే పాతవి వెతుక్కోవాల్సిందే. పాతది కొనేటప్పుడు ఆ కంట్రోలర్ పేరు మీ ఆంప్ మాన్యువల్‌లో ఉందో లేదో చూడకుండా ముందుకు పోకండి. ఒకే కుటుంబంలోనివైనా కొన్ని బటన్లు కొన్ని ఆంప్‌లలో పనిచేయవు.

ఎఫ్‌బీవీకి వాడే తీగ చివర కంప్యూటర్ నెట్‌వర్క్ ప్లగ్ ఉంటుంది గానీ లోపల నడిచేది నెట్‌వర్క్ కాదు. దాన్ని కంప్యూటర్‌కో రౌటర్‌కో తగిలించకూడదు, ఆ సాకెట్‌లో కరెంటు కూడా ఉంటుంది. స్ట్రెయిట్ రకం నెట్‌వర్క్ కేబుల్ సరిపోతుంది, కానీ గోడల్లో వేసే ఒంటి తీగ రకం వద్దు. ప్రతి కార్యక్రమానికీ చుట్టి విప్పుతుంటే లోపలి రాగి తీగ విరిగి, బోర్డు మీద లైట్లు వచ్చిపోతుంటాయి. సన్నని తీగలు కలిపి పేనిన, ప్యాచ్ కేబుల్ అనే మెత్తని రకమే తీసుకోండి. ప్లగ్ మీది ప్లాస్టిక్ నాలుక విరిగిందంటే ఆ తీగ పని అయిపోయినట్టే. కాలు తగిలిన ప్రతిసారీ ఊడుతుంది. సంచిలో రెండో తీగ లేకుండా ఈ రకం కంట్రోలర్‌తో వేదిక ఎక్కడం మంచిది కాదు.

మిడి బోర్డు

ఆంప్ మీద మిడి ఇన్ ఉంటే దారి విశాలం. 1983 నుంచి ఉన్న ప్రమాణం కావడంతో ఏ కంపెనీ బోర్డైనా ఏ కంపెనీ ఆంప్‌తోనైనా మాట్లాడుతుంది. బెహ్రింగర్ ఎఫ్‌సీబీ1010 లాంటి బోర్డు మీద పది స్విచ్‌లు, రెండు ఎక్స్‌ప్రెషన్ పెడళ్లు, పది బ్యాంకుల్లో వంద ప్రీసెట్లు ఉంటాయి. బేస్‌కు వంద అక్కర్లేదు. ఆ రెండు పెడళ్లే అందులో విలువైనవి.

మిడి నెమ్మది అన్న మాట తరచూ వినిపిస్తుంది. లెక్క చూద్దాం. సెకనుకు 31,250 బిట్లు, ఒక్కో బైటుకు 10 బిట్లు. ప్రీసెట్ మార్చే ప్రోగ్రామ్ చేంజ్ ఆదేశం రెండు బైట్లు, అంటే 0.64 మిల్లీసెకను. మూడు బైట్ల కంట్రోల్ చేంజ్ అయితే 0.96 మిల్లీసెకను. చెవి ఈ ఆలస్యాన్ని పట్టుకోలేదు. ప్రీసెట్ మార్చినప్పుడు వినిపించే ఖాళీ ఆంప్ కొత్త ఎఫెక్టులను లోడ్ చేసుకునే సమయం. ఇంకా మంచి బోర్డు కొన్నా అది తగ్గదు. తగ్గించే మార్గం వేరు: పాట మధ్యలో ప్రీసెట్ మార్చకండి. అదే ప్రీసెట్‌లో కావలసిన ఎఫెక్టులన్నీ ముందే పెట్టి, కంట్రోల్ చేంజ్‌తో ఆన్ ఆఫ్ చేయండి. లైన్ 6 హెలిక్స్‌లో స్నాప్‌షాట్ అనేది ఈ పనికే ఉంది. ప్రోగ్రామ్ చేంజ్‌ను పాటకూ పాటకూ మధ్య ఉంచుకోండి.

మొదటి రోజు ఎదురయ్యే ఇబ్బందులకు కారణాలు ఇంచుమించు ఇవే. బోర్డు ఛానెల్ 1 మీద పంపుతూ ఆంప్ ఛానెల్ 2 మీద వింటుంటే ఏమీ జరగదు. ఆంప్‌లో ఓమ్ని ఆన్ చేస్తే అన్ని ఛానెళ్లూ వింటుంది, పరీక్షకు అది మంచిది. మూడో ప్రీసెట్ అడిగితే నాలుగోది వస్తోందంటే ఒక పరికరం 0 నుంచి, మరొకటి 1 నుంచి లెక్కపెడుతోంది. బోర్డులో ఒకటి తగ్గించి పెట్టండి. కోరస్ ఎఫెక్ట్ కాలు పెట్టినంతసేపే ఉండి తీయగానే పోతోందంటే బోర్డు నొక్కినప్పుడు 127, వదిలినప్పుడు 0 పంపుతోంది. ఆ బటన్‌ను టాగుల్‌కు (ఒక తొక్కుకు ఆన్, మరో తొక్కుకు ఆఫ్) మార్చాలి. బోర్డు మీద లైట్ వెలుగుతున్నా ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉంటే, ఆంప్ ముందు నుంచి ఎవరో చేత్తో మార్చారన్నమాట. రెండూ ఒకదానితో ఒకటి తప్పిపోయాయి. ప్రతి ప్రీసెట్ మొదట్లో అన్ని ఎఫెక్టుల స్థితినీ 0 లేదా 127గా పంపేలా బోర్డును అమరిస్తే అవి మళ్లీ కలుస్తాయి.

కేబుళ్ల విషయంలో మూడు జాగ్రత్తలు. ఐదు పిన్నుల కేబుల్ 15 మీటర్లకు మించకూడదు. చిన్న పెడళ్ల మీద మిడి స్టీరియో జాక్‌గా వస్తుంది. అందులో ఎ, బి అని రెండు తీరులున్నాయి, టిప్పూ రింగూ ఒకదానికొకటి తారుమారు. 2018లో ఎ రకాన్ని ప్రమాణం చేశారు, అంతకు ముందరి పరికరాల్లో రెండూ కనిపిస్తాయి. తప్పు అడాప్టర్ పెడితే ఏ ఆదేశమూ చేరదు. ఇక యూఎస్‌బీ: బోర్డుకూ యూఎస్‌బీ ఉంది, ఆంప్‌కూ ఉంది, ఒక తీగ చాలనుకుంటారు. ఆ రెండూ కంప్యూటర్‌కు తగిలించే రకాలు. మధ్యలో హోస్ట్ (కంప్యూటర్‌లా రెంటినీ నడిపించే పరికరం) లేకుండా ఒకదానితో ఒకటి మాట్లాడవు. యూఎస్‌బీ హోస్ట్ పెట్టె కొనాలి, లేదా ఐదు పిన్నులున్న బోర్డు తీసుకోవాలి. యూఎస్‌బీ మాత్రమే ఉన్న చిన్న బోర్డులు కంప్యూటర్‌లో వాయించేవారికి బాగుంటాయి, ఆంప్ ముందు నిలబడేవారికి కాదు.

తీగ లేని బ్లూటూత్ బోర్డులు ట్యాబ్లెట్‌లోని ఎఫెక్టులకు బాగా కుదురుతాయి. ఈ పద్ధతిలో ఆదేశాలు 15 మిల్లీసెకన్లు లేదా అంతకన్నా తక్కువ వ్యవధిలో విడతలుగా వెళ్తాయి. ఎఫెక్ట్ ఆన్ ఆఫ్‌కు అది ఏమంత కాదు. ఫిల్టర్‌ను పెడల్‌తో వేగంగా ఊపినప్పుడు మాత్రం మెట్లుమెట్లుగా వినిపించే అవకాశం ఉంది. మ్యూట్ లాంటి ముఖ్యమైన పనిని బ్యాటరీ మీద నడిచే బోర్డుకు అప్పగించడం మాకు నచ్చదు.

ఎఫెక్టులే నేల మీద ఉంటే

ఆంప్‌లో ఎఫెక్టులే లేవు, లేదా ఉన్నవి నచ్చలేదు. అప్పుడు కంట్రోలరూ ఎఫెక్టులూ ఒకే పెట్టెలో ఉన్న మల్టీ ఎఫెక్ట్స్ బోర్డు, లేదా విడి పెడళ్లను ఒక్క తొక్కుతో మార్చే లూప్ స్విచ్చర్. బాస్ జీటీ-1బీ లాంటి చిన్న బోర్డు సంచిలో పడుతుంది, బ్యాటరీల మీదా నడుస్తుంది. లైన్ 6 హెచ్‌ఎక్స్ స్టాంప్‌కు మూడే స్విచ్‌లు, కానీ ఎక్స్‌ప్రెషన్ జాకూ మిడీ ఉన్నాయి కాబట్టి తర్వాత పెంచుకోవచ్చు. బాస్ ఈఎస్-5, ఈఎస్-8 స్విచ్చర్లకు వరుసగా ఐదు, ఎనిమిది లూప్‌లు. ఇష్టపడి ఏర్చుకున్న అనలాగ్ పెడళ్లు నాలుగైనా ఉన్నవారికే స్విచ్చర్ అవసరం. రెండే పెడళ్లున్నవారు స్విచ్చర్ పెట్టడం బరువు పెంచుకోవడమే.

బోర్డును ఆంప్‌కు ఎక్కడ కలపాలన్న దాని మీదే ఫలితం ఆధారపడుతుంది. బోర్డులో ఆంప్ మోడల్ (ఏదో ఒక ఆంప్ ధ్వనిని అనుకరించే ఎఫెక్ట్) ఆన్‌లో పెట్టి ఆంప్ ముందరి ఇన్‌పుట్‌లోకి పంపితే రెండు ప్రీఆంప్‌లు (ఆంప్‌లో ధ్వని తీరును దిద్దే మొదటి భాగం) ఒకదానిపై ఒకటి పడి అడుగు ఉబ్బి, మధ్య భాగం బురదగా మారుతుంది. ఆంప్ మోడల్ వాడితే రిటర్న్ జాక్‌లోకి వెళ్లండి. ముందరి ఇన్‌పుట్‌లోకి వెళ్తే మోడల్‌ను ఆఫ్ చేయండి. రెండూ కావాలంటే నాలుగు కేబుళ్ల పద్ధతి: బేస్ నుంచి బోర్డు ఇన్‌పుట్‌కు, బోర్డు సెండ్ నుంచి ఆంప్ ఇన్‌పుట్‌కు, ఆంప్ సెండ్ నుంచి బోర్డు రిటర్న్‌కు, బోర్డు అవుట్ నుంచి ఆంప్ రిటర్న్‌కు. అప్పుడు కంప్రెసర్, ఆక్టేవర్, డ్రైవ్ ప్రీఆంప్‌కు ముందూ, కోరస్, డిలే తర్వాతా నిలుస్తాయి. ఆక్టేవర్‌ను (వాయించిన స్వరానికి ఒక స్థాయి కింది స్వరాన్ని కలిపేది) గొలుసులో మొదట్లోనే ఉంచండి. డ్రైవ్ తర్వాత పెడితే స్వరాన్ని గుర్తుపట్టలేక తడబడుతుంది.

బేస్ ఆంప్‌లలో కొన్నింటికి ఎఫెక్ట్స్ లూప్ సమాంతరంగా ఉంటుంది, అంటే మూల సిగ్నల్ ఎప్పుడూ వెళ్తూనే ఉంటుంది, ఎఫెక్ట్ దానికి కలుస్తుంది. కోరస్‌కు, డిలేకు ఇది చక్కనిది. అడుగు స్వరాలకు ఎఫెక్ట్ అసలు తగలదు. కానీ అందులో పెట్టిన వాల్యూమ్ పెడల్ శబ్దాన్ని పూర్తిగా ఆపలేదు, ట్యూనర్ మ్యూట్ చేయలేదు, కంప్రెసర్ పట్టు సగమే వినిపిస్తుంది. డిజిటల్ బోర్డు పెడితే ఇంకో చిక్కు ఉంది. బోర్డు తీసుకునే ఆలస్యం 2 మిల్లీసెకన్లయితే, రెండు సిగ్నళ్లూ సమానంగా కలిసినచోట 250, 750, 1250 హెర్ట్జ్‌ల వద్ద ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. బేస్ స్పష్టత ఉండేది సరిగ్గా ఆ ప్రాంతంలోనే. ధ్వని బోలుగా, గొట్టంలోంచి వస్తున్నట్టు ఉందంటే ఈక్యూ ముట్టుకోకుండా ముందు లూప్‌ను సిరీస్‌కు మార్చండి. మార్చే మీట లేకపోతే బ్లెండ్ నాబ్‌ను పూర్తిగా ఎఫెక్ట్ వైపు తిప్పండి. కోరస్, డిలే లాంటివి సమాంతరంగానే ఉంచాలనుకుంటే బోర్డులో డ్రై సిగ్నల్‌ను (ఎఫెక్ట్ తగలని మూల సిగ్నల్) సున్నా చేయండి.

ఎవరికి ఏది

క్లీన్, డ్రైవ్, మ్యూట్ మూడింటితో రాత్రంతా గడిచిపోయేవారు రెండు బటన్ల ఫుట్‌స్విచ్‌తో ఆగిపోండి. ఆంప్‌కు ఎక్స్‌ప్రెషన్ జాక్ కూడా ఉంటే మిగిలిన డబ్బు పెడల్ మీద పెట్టండి. మూడు నాలుగు బటన్లు పెంచుకోవడం కన్నా ఇదే మీరు వాయించే తీరును ఎక్కువగా మారుస్తుంది.

ఆంప్‌లోనే ఎఫెక్టులు, ప్రీసెట్లు ఉండి మిడి ఇన్ కూడా ఉంటే కంపెనీ కంట్రోలర్‌కూ మిడి బోర్డుకూ మధ్య పోటీ. ఆంప్ మార్చే ఆలోచన ఉన్నవారు మిడి వైపే రావాలి. అమరిక ఒకసారి శ్రమ, ఆ తర్వాత బోర్డు ఏ ఆంప్‌కైనా తోడు వస్తుంది. సాయంత్రం తగిలించి రాత్రికే వాయించాలంటే కంపెనీదే సరి. ఎవరి ఆంప్ మీదో వాయించాల్సి వచ్చేవారు, వెళ్లిన చోటల్లా వేరే ఆంప్ దొరికేవారు ఆంప్ కంట్రోలర్ల జోలికే పోకుండా ఎఫెక్టులు నేల మీదే ఉంచుకోవాలి.

రెండు బోర్డులు సమంగా తూగితే బటన్ల మధ్య దూరం కొలవండి. మధ్య నుంచి మధ్యకు 7 సెంటీమీటర్లకన్నా తక్కువుంటే బూటుతో పక్కది కూడా తొక్కుతారు. రెండు వరుసలుంటే పై వరుస కాస్త ఎత్తుగా ఉండాలి. మ్యూట్‌ను ఎప్పుడూ ఒక చివర బటన్‌కు ఇవ్వండి, మధ్యలో వద్దు.

తగిలించాక మొదటి గంట

లెవెళ్లు ఇంట్లో మెల్లగా కాక, బృందంతో వాయించే శబ్దం వద్దనే సరిచేయాలి. తక్కువ శబ్దంలో చెవికి అడుగు స్వరాలు తక్కువగా వినిపిస్తాయి, కాబట్టి ఇంట్లో సమంగా ఉన్న రెండు ధ్వనులు వేదిక మీద సమంగా ఉండవు. క్లీన్ ధ్వనితో కింది ఇ తీగ మీద నాలుగు స్వరాలు, జి తీగ పన్నెండో మెట్టు దగ్గర నాలుగు స్వరాలు ఒకే బలంతో వాయించండి. ఒక్కో ఎఫెక్ట్ ఆన్ చేసి అదే వాయించి, ఆ ఎఫెక్ట్ అవుట్‌పుట్ లెవెల్‌ను మాత్రమే సవరించండి. ఆంప్ మాస్టర్ ముట్టుకోవద్దు. ఫిల్టర్, ఎన్వలప్ ఎఫెక్టులను గట్టిగా మీటి చూడండి. వాటి రెజొనెన్స్ (ఒక పౌనఃపున్యాన్ని ఎత్తి చూపే గుణం) శిఖరం అడుగు స్వరం మీద పడితే స్పీకర్ కోన్ హద్దు దాటి కొట్టుకుంటుంది. ఆ చప్పుడు వినిపించగానే రెజొనెన్స్ తగ్గించండి.

ఫోన్‌లోని శబ్ద మీటర్‌తో కొలిచేవారు దాన్ని ఎ వెయిటింగ్ నుంచి సి వెయిటింగ్‌కు (ఏ పౌనఃపున్యాన్ని ఎంతగా లెక్కలోకి తీసుకోవాలో చెప్పే రెండు పద్ధతులు) మార్చుకోవాలి. ఎ వెయిటింగ్ 40 హెర్ట్జ్ దగ్గర సుమారు 35 డెసిబెల్స్ తక్కువ చేసి చూపిస్తుంది. దాన్ని నమ్మి లెవెల్ పెడితే డ్రైవ్ ధ్వని పెద్దదిగా, లోతైన క్లీన్ ధ్వని చిన్నదిగా కనిపించి, మీరు క్లీన్‌ను అనవసరంగా పెంచేస్తారు.

హమ్ (గుయ్‌మనే మోత) వస్తే కేబుళ్లను ఒక్కొక్కటిగా తీసి చూడండి. మిడి ఇన్‌పుట్‌ను కాంతి ద్వారా విడదీసి ఉంచుతారు కాబట్టి అనుమానం ముందు దాని మీద కాక ఆడియో కేబుళ్ల మీదా పవర్ అడాప్టర్ల మీదా పడాలి. ఒకే అడాప్టర్ నుంచి గొలుసుగా డిజిటల్ బోర్డుకూ అనలాగ్ డ్రైవ్‌కూ కరెంటు ఇస్తే సన్నని ఈల వినిపిస్తుంది. రెంటికీ విడి అవుట్‌పుట్లున్న సప్లై వాడితే అది పోతుంది. హమ్ ఆపడానికి ఆంప్ మెయిన్స్ ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను తీసేయడం మాత్రం ఎప్పుడూ చేయకండి. ఆంప్‌లో లోపం వచ్చిన రోజు ఆ కరెంటు బేస్ తీగల మీద ఉన్న మీ చేతుల్లోంచి పోతుంది.

చివరిగా కంట్రోలర్ కేబుల్‌ను ఆంప్ హ్యాండిల్ చుట్టూ ఒక మడత తిప్పి జాక్‌లో పెట్టండి. ఎవరి కాలైనా తట్టుకుంటే లాగుడు హ్యాండిల్ మీద పడుతుంది, జాక్ మీద పడదు. కంట్రోలర్ దగ్గర అర మీటరు తీగ వదులుగా ఉంచి, అక్కడి నుంచి ఆంప్ దాకా నేలకు టేపు వేయండి.